ఫోన్ లేని కేబిన్

శుక్రవారం పొద్దున్నే ఎవరో కేబిన్ తలుపు తట్టారు.

శశికళ తలుపు తీసింది. ఎదురుగా, స్వెటర్ మీద కోటు, మెడకి మఫ్లర్. డెబ్బై ఏళ్ళ పెద్దాయన. బూట్ల నిండా బురద.

"తెలుగువాళ్ళేనా అమ్మా?" అన్నాడు ఆయాసపడుతూ.

అమెరికాలో, శాంటాక్రూజ్ కొండల్లో, రెడ్‌వుడ్ చెట్ల మధ్య తెలుగు మాట! శశికళకి ప్రాణం లేచొచ్చింది.

"రండి బాబాయిగారూ, కాఫీ తాగుదురుగాని."

ఆమె భర్త దామోదర్ బూట్ల లేసులు కట్టుకుంటూ బయటికొచ్చాడు.

సన్నీవేల్‌లో దామోదర్‌కి ఒక చిన్న కంప్యూటర్ కంపెనీ ఉంది. స్నేహితుడు జగన్మోహన్‌తో కలిసి గ్యారేజిలో మొదలుపెట్టాడు. పంతొమ్మిది వందల ఎనభై మూడు వచ్చేసరికి బయటివాళ్ళు పెట్టుబడి పెట్టే స్థాయికి ఎదిగింది. కొత్త మెషీన్ కోసం ఆర్నెల్లుగా దామోదర్ ల్యాబ్‌లోనే తిని, ల్యాబ్‌లోనే పడుకున్నాడు. ఎవరింటికీ పోలేదు, ఎవరినీ పిలవలేదు.

అది చూడలేక జగన్మోహనే ఈ కేబిన్ బుక్ చేశాడు.

"రైలెక్కడం, మ్యూజియం చూడడం అందరూ చేసేదేరా. నువ్వు ఎవరికీ తెలియనివి చూడు. పొగమంచు పట్టినప్పుడు పెద్ద చెట్ల కింద నిలబడు. దారిలో చినుకు ఉండదు, చెట్టు కింద మాత్రం ఆకుల్నుంచి కారే వాన! కొండ మీద ఇసుకలో సముద్రపు గవ్వలు దొరుకుతాయి. లోపల డొల్లయిపోయిన చెట్టొకటుంది, పదిమంది పడతారు. బోర్డ్ మీటింగ్ వచ్చే వారానికి పోస్ట్‌పోన్ చేశాంలే. కేబిన్‌లో ఫోన్ కూడా లేదు. హాయిగా ఉండు" అని చెప్పి పంపాడు.

పెద్దాయన కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఎక్కడుంటారండీ?" అడిగాడు దామోదర్.

"మా అబ్బాయి దగ్గర. ఇండియా నుంచి వచ్చి వారమైంది."

"మరి మీ అబ్బాయి ఏడీ?"

"వాడికి చెప్పలేదు. బస్సులు మారి వచ్చాను."

భార్యాభర్తలు మొహమొహాలు చూసుకున్నారు.

"బాబూ, ఒక సాయం చెయ్యాలి. నన్ను సన్నీవేల్‌లో దింపాలి. మధ్యాహ్నంలోగా."

"అక్కడ అంత అర్జంట్ పనేముందండీ?"

పెద్దాయన తల వంచుకున్నాడు.

"చెప్పుకునే పని కాదు బాబూ."

శశికళ భర్తని లోపలికి పిలిచింది.

"పాపం, దింపేద్దామండీ."

"పోను గంట, రాను గంట. కొడుకుతో గొడవపడి వచ్చేసినట్టున్నాడు. మనకెందుకీ తలనొప్పి? జగన్ ఇంత ప్లాన్ చేసి పంపితే, ట్రిప్ పాడుచేసుకుంటామా?"

బయటికొచ్చి, "బస్‌స్టాప్ దాకా దింపుతానండీ" అన్నాడు.

కారులో కూడా పెద్దాయన వదల్లేదు.

"సెలవులు మళ్ళీ వస్తాయి బాబూ. ఇవాళ ఇంటికి వెళ్ళిపోండి. నా మాట వినండి."

"అదేంటండీ, మేమెందుకు వెళ్ళిపోవాలి?" దామోదర్ గొంతులో విసుగు.

"పోనీ, ఒక్కసారి మీ ఆఫీసుకి ఫోన్ చెయ్యండి. అదిగో, ఆ కొట్టు దగ్గర ఫోన్ ఉంది."

దామోదర్ నవ్వాడు.

"ఆఫీస్‌లో మా ఫ్రెండున్నాడండీ. వాడున్నంతకాలం నాకు బెంగ లేదు. సొంత తమ్ముడైనా అంత చూసుకోడు."

పెద్దాయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.



బస్‌స్టాప్‌లో దిగాక, కారు కదలబోతుంటే, శశికళ వైపు చూసి రెండు చేతులూ జోడించాడు.

"అంత పెద్దాయన మనకి దణ్ణం పెట్టడమేమిటండీ?" అంది శశికళ. ఆమె మనసు అదోలా అయింది.

"మతి సరిగ్గా ఉన్నట్టు లేదు" అన్నాడు దామోదర్.

మధ్యాహ్నం ఇద్దరూ డొల్ల చెట్టు కనిపెట్టారు. ఎప్పుడో అడవి అంటుకున్నప్పుడు కడుపంతా కాలి బొగ్గయిపోయింది. పైన మాత్రం పచ్చగా ఉంది. లోపల నిలబడితే బయటి చప్పుడు ఏదీ వినపడలేదు.

"నా కోసం ఇంత ఆలోచించేవాడు జగన్ తప్ప ఇంకెవడున్నాడు శశీ!" అన్నాడు దామోదర్.

సోమవారం పొద్దున ఆఫీసు తలుపుకి అతని తాళంచెవి పట్టలేదు.

లెక్కలు చూసే మూర్తి బయటికొచ్చాడు. చేతిలో అట్టపెట్టె. అందులో దామోదర్ కాఫీ కప్పు, కళ్ళజోడు, శశికళ ఫోటో.

"నన్ను లోపలికి రానివ్వరా మూర్తీ?"

"శుక్రవారం మధ్యాహ్నం బోర్డ్ మీటింగ్ అయింది సార్. మిమ్మల్ని తీసేశారు."

"మీటింగ్ ఈ వారానికి మార్చారు కదా!"

మూర్తి అతని కళ్ళలోకి చూడలేకపోయాడు.

"మీకు చెప్పాననీ, మీరే రానన్నారనీ అన్నారు జగన్మోహన్ గారు. పెట్టుబడి పెట్టిన ఇద్దరిలో ఒకాయన మీ వైపే మాట్లాడాడు. మీరుంటే చెరో రెండు ఓట్లయ్యేవి. ఆగిపోయేది సార్."

మూర్తి ఇచ్చిన అట్టపెట్టె కారు టాప్ మీదే మర్చిపోయి డ్రైవ్ చేశాడు దామోదర్. మలుపులో కప్పు పడి పగిలిన చప్పుడు వినిపించినా ఆగలేదు.

జగన్మోహన్ ఇంటి ముందు అతని కారు ఉంది. దామోదర్ తలుపు బాదాడు. గ్యారేజిలో ఒకే చాప మీద పడుకున్న రోజులు గుర్తొస్తున్నాయి. అడగాల్సినవన్నీ నోటిదాకా వచ్చి ఉన్నాయి.

తలుపు తెరుచుకుంది.

ఎదురుగా అడవిలో కనిపించిన పెద్దాయన.

దామోదర్‌ని చూడగానే ఆయన కళ్ళు నిండిపోయాయి. గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

లోపల్నుంచి జగన్మోహన్ గొంతు వినిపించింది: "ఎవరొచ్చారు నాన్నగారూ?"