ఎక్కని లెక్క

మొదటి షిఫ్టు మొత్తం బొగ్గుబాయిలోంచి పైకి ఎక్కేసింది. రెండో షిఫ్టు ఇంకా దిగలేదు.

టైమాఫీసు కంప్యూటర్ తెర మీద మాత్రం, లోపల ఉన్నవారు: 1.

ఐదేళ్లుగా అంతే. ఏ అధికారి అడిగినా గుమాస్తా నర్సింగం ఒకటే చెప్పేవాడు. "దాని చాదస్తం అది, సార్. ఒకటి తీసేసి చదువుకోవాలె."

పక్క కుర్చీలో సంధ్యారాణి తెరనే చూస్తుండేది.

ఆ ఒకటి ఆమె భర్త, ముత్యం.

పైకప్పు కూలిన రోజు అతన్ని రెండో దారిలోంచి మోసుకొచ్చారు. ఆ దారిలో కంప్యూటర్ లేదు. దిగిన వేళ పడింది, ఎక్కిన వేళ పడలేదు.

అతని బదులు ఇచ్చిన ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఆమె అది చూసింది. సరిచేయలేదు. రోజూ పొద్దున్నే యంత్రం తెరిచి, ఉన్నాడని చూసుకుని, అప్పుడు చాయ్ తాగేది.

బతికుండగా అతనెక్కడున్నాడో ఇంత కచ్చితంగా ఎన్నడూ తెలిసింది కాదు.

ఇప్పుడు, ఈ ఏప్రిల్‌తో, పాత విండోస్‌కు కాలం చెల్లిందట. కంప్యూటర్లు చూసే ఆదిత్య వచ్చి డబ్బా విప్పాడు.

"కొత్తది దీంట్ల ఎక్కుతదా, తమ్ముడు?" అంది సంధ్యారాణి.

"ఎక్కదండి. ముసలిది కదా. వేరే కంప్యూటరే పెట్టాలి."

"మెమరీ ఇంకింత ఏసి చూడరాదు?"

"దీనికి సరిపోయే మెమరీలు ఇప్పుడు రావట్లేదు, మేడమ్."

"పోనీ, ఓ మూలకు పడుంటది. మనల్నేమంటది?"

"పట్టుకుపోవాలండి. ముందు ఇందులో లెక్కంతా కొత్తదాంట్లోకి పంపాలి. లోపల మనిషుంటే అది ఒప్పుకోదు." ఆదిత్య తెర మీదికి వంగాడు. "ఎవరో ఒకాయన ఎక్కనే లేదు చూడండి. ఏదో ఒక టైం కొట్టేయండి, అయిపోద్ది."

నర్సింగం కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

"నువ్వు లే బిడ్డా. నేను కొడత."

"వద్దు కాకా."

కప్పు కూలిన ఆ రోజు కూడా ముత్యానిది మొదటి షిఫ్టే. మూడింటికి ఎక్కాలి. రోహిణి కార్తెలోనైనా ఉడుకునీళ్లు పోసుకుంటే తప్ప అతనికి బొగ్గు వదిలేది కాదు. ఆ రోజు పొయ్యి మీద నీళ్లు మరిగి మరిగి సగమయ్యాయి.

ఎక్కేవాళ్లలో అతనెప్పుడూ చివరివాడే. అందరి ముచ్చట్లూ అయ్యాకే కదిలేవాడు.

ఆమె మూడూ ఇరవై కొట్టింది.

లోపల ఉన్నవారు: 0.

"అంతేనండి," అన్నాడు ఆదిత్య, తీగ పీకుతూ.

సంధ్యారాణి బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేసింది. కూతురు సహస్ర ఎత్తింది.

"నీళ్లు కాగబెట్టు బిడ్డా."

"గీ ఎండల ఉడుకునీళ్లు ఎవలకమ్మా?"

"జల్ది పెట్టు. ఎక్కి శానసేపయింది."