పచ్చదీపం వెలిగేదాకా

బడులు తెరిచే ముందురోజు మనవరాలి స్నేహితులను విందుకు పిలిచింది విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని సుగుణమ్మ. వచ్చిన ఆరుగురు పిల్లలూ గుమ్మం బయటే ఆగిపోయారు. ఏ ఇంట్లో అడుగుపెడితే ఎంత ప్రమాదమో ముందే లెక్కగట్టే తమ చేతిపట్టీలన్నిటిలో పచ్చదీపం వెలిగితేనే వాళ్లు లోపలికి రావాలి. ఒక్కరికి ఎర్రబడినా అందరూ ఆగవలసిందే. అరగంట గడిచినా ఒక పట్టీ ఎర్రగానే ఉంది. తుమ్మితే ప్రయాణం మానుకునేవారిని ముప్పయ్యేళ్లు తరగతిలో ఎగతాళి చేసిన ఆమెకు ఒళ్లు మండిపోయింది.

“రండర్రా లోపలికి! ఏమీ కాదు. బజ్జీలు చల్లారిపోతున్నాయి.”

ఎవరూ కదలలేదు.

“ఏమీ కాదని నీకెలా తెలుసమ్మమ్మా? లెక్క చూశావా?” అంది మనవరాలు హిమజ.

“బజ్జీలు తినడానికి లెక్కేమిటే?”

హిమజ సిగ్గుతో తలదించుకుని స్నేహితులతో అంది: “ఏమనుకోకండి. మా అమ్మమ్మకు మూఢనమ్మకాలెక్కువ.”