మాట్లాడే కంప్యూటరు

"అది మాట్లాడుతుంటే నాకు గుండె దడగా ఉంది. ముందు దాని నోరు మూయించు," అంది అమ్మ.

"ఇంట్లో తనకి పోటీ వస్తుందని అమ్మ భయం," అంటూ అన్నయ్య కంప్యూటరు గొంతు ఆపేశాడు.

వాడి చూసుకోమని షాపువాళ్ళు ఇచ్చిన ఆ ల్యాప్‌టాప్ భోజనాల బల్ల ఎక్కినప్పటి నుంచీ ఇదే గొడవ. తెర మీదున్నదంతా పైకి చదివి వినిపించేదే కొనాలని నాన్న, అన్నయ్య. పెద్ద తెర ఉన్నది చాలని అమ్మ. చిట్టికి సోమవారం నుంచే కాలేజీ.

"పిల్లకి చూపు తగ్గిందిగానీ పోలేదు. ఇప్పట్నుంచే దాన్ని గుడ్డిదాన్ని చేస్తారా?"

నోరు అదుపులో పెట్టుకోమని నాన్న కసిరాడు. చూపు ఎంత తగ్గినా చదువు ఆగకూడదంటే ఇదే దారని డాక్టరు చెప్పలేదా అని అడిగాడు. అమ్మ వినిపించుకోలేదు. అక్షరాలు ఎంత పెద్దవవుతాయో అంత పెద్దవి చేయించి, చిట్టిని తెర ముందు కూర్చోబెట్టింది.

ఎదురుగా చూస్తే చిట్టికి మధ్యలో మసక తప్ప ఏమీ లేదు. ఎప్పటిలాగే మొహం పక్కనున్న కిటికీ వైపు తిప్పి, కంటి కొసతో ఒక్కో అక్షరం ఏరుకుంది. ఒక్క వాక్యానికే కళ్ళు మండి నీళ్ళు కారాయి. క్లాసులో అందరూ పేజీ తిప్పేసరికి తనింకా మొదటి వాక్యంలోనే ఉంటుంది.

"నీకు ఓపిక లేదంతే. లే, ఇంత లావు అక్షరాలు ఎందుకు కనిపించవో నేను చూస్తాను," అని అమ్మ ఆ కుర్చీలో కూర్చుంది.

ఆగి ఆగి చదివింది. ఒక్క తప్పూ పోలేదు.

వెనక నిలబడ్డ చిట్టి మాత్రం చెవులు రిక్కించింది. తెర ఎదురుగా ఉంది. అమ్మ గొంతు కిటికీ వైపు పోతోంది.

వంగి అమ్మ చెంప తడిమింది. చెంప అటే తిరిగి ఉంది, తడిగా. అమ్మ ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.

"ఇంతకీ నువ్వేమంటావే?" అన్నాడు నాన్న.

చిట్టి ఆ చెయ్యి వదలకుండానే నాన్న వైపు తిరిగింది.

"మాట్లాడేదే నాన్నా. కానీ రెండు తీసుకుందాం," అంది మెల్లగా. "ఒకటి అమ్మకి."