గట్టు మీద అనుమానం

చెరువు తమదేనని తోడేళ్లు కాపలా పెట్టాయి. నీళ్లు అందరివీ అంటూ కుందేళ్లు గట్టు మీద బైఠాయించాయి. తోడేళ్లు మీదికొచ్చినప్పుడల్లా ముళ్లపందే అడ్డు నిలబడేది.

ఒకనాడు, కొత్తగా చేరిన ముంగిస కుందేళ్ల నాయకురాలు ధవళి చెవిలో ఊదింది. "అక్కా, మన మాటలు తోడేళ్లకు చేరుతున్నాయి. ముళ్లపంది రోజూ ఒంటరిగా ఎక్కడికెళ్తోందో అడిగావా?"

అప్పట్నుంచి ధవళికి ముళ్లపంది నవ్వినా అనుమానమే, నవ్వకపోయినా అనుమానమే. చివరికి అందరి ముందూ నిలదీసింది.

"దుంపలు తవ్వుకోడానికే ధవళీ! ఇన్నాళ్లూ మీకు అడ్డు నిలబడింది నేనేగా?" అంది ముళ్లపంది.

ఎవరూ నమ్మలేదు. అది తలవంచుకుని వెళ్లిపోయింది.

మర్నాడే తోడేళ్లు గట్టెక్కాయి. అడ్డుకునేవాళ్లు లేరు. పారిపోతూ ధవళి వెనక్కి చూసింది. ముంగిస తోడేళ్ల మధ్య కూర్చుని తీరిగ్గా నీళ్లు తాగుతోంది.