చర్చి పక్కన పులిహోర

దుబాయ్‌లోని జెబెల్ అలీ ఫ్లాట్‌లో వేణుమాధవ్ ఐర్లండ్ వీడియో టీవీలో పెట్టాడు. పల్లెటూళ్లో వందల ఏళ్ల నాటి చర్చి. పక్కనే రాతిపలక మీద కూర్చుని అతనూ, భార్య ఉమా పులిహోర తింటున్నారు.

"అన్నా, అది సమాధి కదా?" అంది పక్కింటి సనోబర్.

"పాతదేలేమ్మా. దానికెవరొస్తారు?"

"మరి ఆ పూలు పట్టుకుని నిలబడిన ముసలామె?"

"మమ్మల్నే చూస్తా ఉంది. హాయ్ కూడా చెప్పా!"

వీడియోలో ఇద్దరూ ఫోన్ గోడమీదే మరిచి చర్చిలోకి వెళ్లారు. ముసలామె వచ్చింది. మెడలో స్కార్ఫు తీసి, పలక మీది పసుపు నూనె తుడిచి, పూలు పెట్టింది.



"చివర్లో కాస్త కట్ చేసి గ్రూపులో పెడతా," అన్నాడు వేణుమాధవ్.

పక్కనే కూర్చున్న ఉమ అతనివైపు అసహ్యంగా చూసింది.

"మనల్ని కట్ చేసి, ఆమెను ఉంచండి."