రెండో గుండీ

"మొదటిసారి ఎవరు కప్పారు సార్?"

లైట్లు వెలగగానే చెయ్యెత్తిన మనిషి ఆయనే. నెరిసిన జుట్టు, చంకలో గొడుగు.

అది ఇంకా విడుదల కాని సినిమా. బయటివాళ్లను కొందరిని చిన్న హాల్లో కూర్చోబెట్టి చూపించి, తిరకాసు ఎక్కడుందో చెప్పమన్నారు. కాలంలో వెనక్కి వెళ్లే కథ కదా, తిరకాసు లేకుండా ఉండదు.

కథ ఇదీ. రోడ్డు మీద ఒక పాపను ఏదో బండి గుద్ది వెళ్లిపోతుంది. తండ్రి పరిగెత్తుకొచ్చేసరికి ప్రాణం లేదు. పాప మీద మాత్రం ఎవరిదో నీలి గళ్ల చొక్కా కప్పి ఉంటుంది. తర్వాత ఆ తండ్రే యంత్రమెక్కి వెనక్కి వెళ్తాడు. పాపను కాపాడలేడు. తన చొక్కా విప్పి కప్పి, చివరిదాకా పక్కన కూర్చుంటాడు.

"తండ్రే కప్పాడు బాబాయ్. చివర్లో చూపించాం కదా, నిద్రపోయావా?" అన్నాడు దర్శకుడు.

హాలంతా నవ్వింది.

"చూశాను బాబూ. కానీ ఆయన వెనక్కి వెళ్లకముందే చొక్కా అక్కడుంది కదా. మరి అంతకుముందు ఎవరో ఒకరు కప్పి ఉండాలిగా?"

దర్శకుడు రచయిత వైపు చూశాడు. చిక్కుముడులు విప్పడం రచయిత పని.

"కాలం గుండ్రంగా తిరుగుతుందండీ. మొదలంటూ ఉండదు. ఎప్పుడూ ఆ తండ్రే," అన్నాడు రచయిత. ఎన్నిసార్లు చెప్పిన జవాబో, నోరు దానంతటదే చెప్పేసింది.

అది అతని కథే. ఆ పాప అతని పాపే. యంత్రం ఒక్కటే కల్పన.

చొక్కా కప్పింది ప్రాణం ఉండగానా, పోయాకా? పాప పక్కన ఎవరైనా ఉన్నారా, ఒక్కత్తే పోయిందా? అతనికి అదొక్కటే తెలియాలి. చొక్కా కూడా ఆస్పత్రి హడావుడిలో ఎటో పోయింది. ఆస్పత్రిలో అడిగాడు, పోలీసులను అడిగాడు, ఆ వీధిలో ప్రతి తలుపూ కొట్టాడు. ఎవరో ఉన్నారని ఒకరు, లేరని ఇంకొకరు. చివరికి ఆ ఖాళీలో తననే కూర్చోబెట్టుకుని కథ రాశాడు.

రాస్తే ఏడుపొస్తుందనుకున్నాడు. రాలేదు. ఈమధ్య కోపమూ రావడం లేదు, ఆకలీ వేయడం లేదు.

"గుండ్రమంటే సరే సార్," అన్నాడు పెద్దాయన. కూర్చోలేదు. "ఇంకోటి. ఆ చొక్కాకి గుండీలన్నీ ఉన్నాయి. పైనుంచి రెండోది ఉండకూడదు."

దర్శకుడు పగలబడి నవ్వాడు. "యంత్రాన్ని నమ్మేశావు గానీ గుండీ దగ్గర పట్టుకున్నావా? గట్టివాడివే బాబాయ్!"

పెద్దాయన నవ్వలేదు. రచయితనే చూస్తున్నాడు.

"మరి పాప దేన్ని పట్టుకుంటుంది సార్?"

ఇలాంటి ప్రేక్షకుడు ప్రతిచోటా ఒకడుంటాడు, వాదనకు దిగితే తెల్లారిపోతుంది అనుకున్నాడు రచయిత.

"చూస్తాం లెండి. బయట టీ ఉంది, తాగి వెళ్లండి."

"ట్రైలర్లో ఆ చొక్కా చూసి వచ్చాను సార్. మీకు చెబుదామని..."

అప్పటికే మైకు వెనక వరుసకు వెళ్లిపోయింది. ఆయన కాసేపు నిలబడి, కూర్చున్నవాళ్ల మోకాళ్లు తప్పించుకుంటూ బయటికి నడిచాడు.

రచయిత ఇంటికి వచ్చేసరికి భార్య బట్టలు మడతపెడుతోంది.

"ఏమన్నారండీ జనం?"

"బాగుందన్నారు. ఒకాయన మాత్రం గుండీ దగ్గర పేచీ పెట్టాడు. చొక్కాకి రెండో గుండీ ఉండకూడదట. దాన్ని పాప పట్టుకోవాలట."

ఆమె చేతిలో తువ్వాలు మడత సగంలో ఆగిపోయింది.

లేచి బీరువా తీసింది. పాప రిబ్బన్ల డబ్బాలోంచి ఒక తెల్ల గుండీ తెచ్చి అతని అరచేతిలో పెట్టింది. దానికి నీలి గుడ్డ పీలిక ఇంకా అంటుకునే ఉంది.

"పాప గుప్పిట్లో ఉందని ఆస్పత్రిలో నర్సు ఇచ్చింది. గౌనుదే అనుకున్నా. తర్వాత దాని బట్టలన్నిటికీ పెట్టి చూశాను, దేనికీ సరిపోలేదు. మీకు చెబితే మళ్లీ వీధులు పట్టుకు తిరుగుతారని దాచేశాను."

అతను ఆ నీలి పీలికను వెలుతురుకి పెట్టి చూశాడు.

"అంటే అది లాగినప్పుడు పాపకి ప్రాణం ఉందండీ. ఒక్కత్తే లేదు," అంది ఆమె. అంటూనే ఏడ్చేసింది.

అతను దర్శకుడికి ఫోను చేశాడు.

"ఆ గొడుగాయన ఎవరు? ఎక్కడుంటాడు?"

"బాబాయా? ఏమో గురూ. గేటు దగ్గర బతిమాలుతుంటే పోనీలే అని రానిచ్చారు. పేరెవరడిగారు? ఏం, ఆయన చెప్పిన తప్పు నిజంగా ఉందా?"

"ఉంది," అన్నాడు రచయిత.

మొదటిసారి చొక్కా కప్పి, చివరిదాకా పాప పక్కన కూర్చున్న మనిషి ఎదురుగా నిలబడి చెప్పబోతే, తాను టీ తాగి వెళ్లమన్నాడు.