ఆరోహణ క్రమం

“నా పేరు లేదంటావేంటమ్మాయ్? కళ్లజోడు నాకుందా, నీకుందా?”

వాకర్స్ క్లబ్ ఆఫీసు గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి గతుక్కుమంది. ఆమె ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు. బల్లకు ఇవతల నిలబడ్డాయన రిటైర్డు ప్రిన్సిపాలు. క్లబ్బు పుట్టినప్పటి నుంచీ సభ్యుడు. నోటీసు బోర్డులో ఎక్కడ కొమ్ము పోయినా, దీర్ఘం తగ్గినా, ఎర్రపెన్నుతో దిద్దితే గానీ ఆయన నడక మొదలుపెట్టరు. అందుకే వెనకాల అందరూ ‘అచ్చుతప్పు’ అంటారు. ఎదురుపడితే మాత్రం నమస్కారం పెడతారు.

ఈసారి ఆయన క్లబ్బు అధ్యక్ష పదవికి నిలబడుతున్నారు. మధ్యాహ్నం పన్నెండింటికల్లా నామినేషన్ వెయ్యాలి. వెయ్యాలంటే సభ్యుల జాబితాలో పేరుండాలి. లేకపోతే అవతలి అభ్యర్థి, ఆ పళ్ల డాక్టరు, పోటీ లేకుండా గెలిచేస్తాడు. జన్మంతా జనం నోట్లో వేళ్లు పెట్టి బతికినవాడు ముందు వరసలో నడుస్తుంటే, తాను వెనక నడవాలా?

వెంట వచ్చిన భార్య గోడ పక్క కుర్చీలో సర్దుకుని కూర్చుంది. ఎందుకొచ్చిన పదవి, ఈ ఏటికి వదిలేయండని ఆవిడ పొద్దుటి నుంచీ చెబుతూనే ఉంది. ఆవిడకేం తెలుసని ఆయన చెవిన పెట్టలేదు. అసలు ఆవిడ మాట చెవిన పెట్టడం ఆయన అలవాట్లలో లేదు.

“పేర్లన్నీ అక్షర క్రమంలో ఉన్నాయి సార్. ‘స’ దగ్గర చూశాను. మీరు లేరు,” అంది అమ్మాయి.

తెర మీద ‘పేరు’ అన్న నిలువు వరస తల మీద నొక్కింది. అక్కడున్న బుల్లి బాణం కిందికి తిరిగింది. అ నుంచి హ దాకా ఉన్న జనమంతా హ నుంచి అ దాకా బుద్ధిగా మారి నిలబడ్డారు. అన్ని తిట్లు తింటూ కూడా అమ్మాయి ముఖం వెలిగింది. ఈ ప్రోగ్రాం రాసింది వాళ్లాయన. పెళ్లయి ఇంకా కొత్త వదలలేదు. ఆ బాణం తిరిగినప్పుడల్లా ఆమెకు ఆయనే కన్నుగీటినట్టుంటుంది.

“బోర్లిస్తే రాలిపడటానికి నేనేమన్నా జేబులో చిల్లరనా? ఎవడు రాశాడిది?”

“మా ఆయన సార్.”

“అలాగే ఉంది.”

మా రోజుల్లో ఒక్క గుమాస్తా, ఒక్క రిజిస్టరు చాలేవని, ఇప్పుడు తెలివి పెట్టెలో పెట్టి తలలు ఖాళీగా ఉంచుకుంటున్నారని ఆయన అందుకున్నారు. భార్య ఏదో చెప్పబోయింది. “నువ్వూరుకో. ఇది నీ వంటింటి డబ్బాల వరస కాదు,” అన్నారు.

అమ్మాయికి ఇంకో ఉపాయం తోచింది. ‘చేరిన సంవత్సరం’ అన్న తల మీద నొక్కింది. పాతవాళ్లు పైకి, కొత్తవాళ్లు కిందికి సర్దుకున్నారు. అందరికన్నా పైన, అగ్రాసనం మీద, ఆయన!

“చూశావా? ఉండాల్సిన చోటే ఉన్నాను. నీ మొగుడికి వెతకడం రాదు, నీకు చూడటం రాదు,” అంటూ ప్రిన్సిపాలు గారు తెర మీదికి వంగారు. జీవితమంతా ఇతరుల తప్పులు ఏరిన కళ్లవి. పేరుకు ముందు ఏదో అంటుకుని ఉందని ఇట్టే పట్టేశాయి.

“ఈ కీ.శే. ఎవరు?”

“మీరే సార్.” అమ్మాయి గొంతు సన్నబడింది. “కీర్తిశేషులు ‘క’లోకి పోతారు కదండీ. అందుకే ‘స’లో దొరకలేదు.”

“బతికున్నవాణ్ణి పట్టుకుని... ఎవరు చంపారమ్మా నన్ను?”

అమ్మాయి నసుగుతూ చెప్పింది. సభ్యత్వం కొనసాగిస్తారా అని ఆ మధ్య అందరి ఇళ్లకూ ఫోన్లు చేసింది. ఈ ఇంట్లో అమ్మగారు ఎత్తారు. సార్ ఉన్నారా అని అడిగితే, ‘లేరమ్మా’ అని పెద్దగా నిట్టూర్చారు. ఆ నిట్టూర్పు వినే పాపం, పోయారనుకుంది.

ప్రిన్సిపాలు గారు పగలబడి నవ్వారు. చిక్కు విడిపోయింది. ఇక పాఠం మొదలైంది. లేరు అన్న మాటకు ఇంట్లో లేరని ఒక అర్థం, లోకంలో లేరని మరో అర్థం ఉంటాయట. సందర్భాన్ని బట్టి తెలుసుకోవడాన్నే చదువు అంటారట. నిట్టూర్పులో వ్యాకరణం వెతికే మేధావిని తాను ఇప్పుడే చూస్తున్నారట.

“మా ఆవిడ మాట్లాడితే ఇదే గొడవ. కర్త ఉంటే కర్మ ఉండదు. బయటికి వెళ్లారు అని నిండుగా ఒక వాక్యం చెప్పి ఏడిస్తే ఈ తద్దినం ఉండేది కాదు. సరే, చెరిపెయ్. టైమవుతోంది.”

అమ్మాయి ఆ రెండక్షరాలూ చెరిపింది. వెంటనే తెర మీద ఒక గడి తెరుచుకుంది. మార్పుకు కారణం రాయనిదే ప్రోగ్రాం ముందుకు కదలదు. వాళ్లాయన జాగ్రత్త అది.

“పొరపాటని రాస్తాను సార్. ఇంటివాళ్లు ఒక్క మాట చెప్పాలి, అంతే.” కుర్చీ వైపు తిరిగింది. “అమ్మా, నేను ఫోన్ చేసిన రోజు సార్ ఎక్కడికి వెళ్లారండీ?”

“చెప్పు, చెప్పు. నిండు వాక్యంలో చెప్పు,” అన్నారు ప్రిన్సిపాలు గారు, నామినేషన్ కాగితం చేతిలో పట్టుకుని.

ఆవిడ ఒక్క క్షణం ఆయన్ని తేరిపార చూసింది. తర్వాత అమ్మాయి వైపు తిరిగి మెల్లగా, ఒక్కో మాటా విడమరిచి అంది.

“ఆయన ఆ రోజు ఎక్కడికీ వెళ్లలేదమ్మా, నా పక్కనే కూచుని నాకు మాట్లాడటం నేర్పుతున్నారు.”